కతోలిక చింతన – సమాజశాస్త్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



“కతోలిక చింతన – సమాజశాస్త్రము” అను పేరు వినగానే, ఇది మఠములకును విశ్వవిద్యాలయములకును చెందిన విషయమే గాని, వరిచేల నడుమ, కాలువగట్ల మీద బ్రతుకు గ్రామమునకు చెందినది కాదని తోచవచ్చును. కాని కృష్ణా డెల్టాలో గుడిగంటయు చర్చిగంటయు ఒకే గాలిలో వినవచ్చు ఊళ్లు అనేకములు గలవు. అట్టి ప్రతి ఊరిలోను ఒక ప్రశ్న మౌనముగా నిలిచియున్నది. మనుష్యులందరు ఒక్క తండ్రి బిడ్డలని ఆదివారమునాడు విన్నవారు, సోమవారమునాడు ఎవరి అరుగు మీద ఎవరు కూర్చుందురు? ఒక్క తండ్రి బిడ్డలను మాట కతోలిక చింతనకు చెందినది. అరుగును గూర్చిన మాట సమాజశాస్త్రమునకు చెందినది. మొదటిది “ఎట్లుండవలెను?” అని అడుగును, రెండవది “ఎట్లున్నది?” అని అడుగును.

డెల్టావాసులకు ఈ భేదము కాలువను చూచినచో సులభముగా తెలియును. 1852 – 1855 సంవత్సరములలో బెజవాడయొద్ద కృష్ణానదికి ఆనకట్ట కట్టి కాలువలు త్రవ్వినప్పుడు పనివారికి రెండు విషయములు కావలసివచ్చెను. నీరు ఏ పొలమునకు చేరవలెను అనునది ఒకటి. నేల ఎటు వాలియున్నది అనునది మరియొకటి. ఎంత పుణ్యకార్యమైనను నీరు ఎదురెక్కదు. మట్టములన్నియు కొలిచి కాగితముపై వ్రాసికొన్నను, నీరు ఎవరికి కావలెనో ఎరుగనివాడు పార చేతబట్టడు. కతోలిక చింతన గమ్యమును చెప్పును. సమాజశాస్త్రము మట్టము పట్టును. ఈ రెండును ఒకప్పుడు పరస్పరము అనుమానించుకొనెను, ఒకప్పుడు కలిసి నడిచెను. ఆ కథయే నేటి ప్రసంగ విషయము.

సమాజశాస్త్రమునకు ఆ పేరు పెట్టినవాడు ఫ్రాన్సుదేశపు తత్త్వవేత్త ఆగస్ట్ కోంత్. అది 1830ల చివరి మాట. మానవుని ఆలోచన మొదట దైవమును, పిదప తత్త్వమును ఆశ్రయించి, తుదకు విజ్ఞానమును చేరునని అతడు సిద్ధాంతము చేసెను. అనగా మతమునకు కాలము చెల్లినదని అతని భావము. అయినను మధ్యయుగములందలి కతోలిక సంఘపు కట్టుబాటును అతడు మెచ్చుకొనెను. దేవుని స్థానమున మానవజాతిని నిలిపి ఒక క్రొత్త మతమునే కల్పింపజూచెను. ఇట్టి జన్మవృత్తాంతము గల శాస్త్రమును కతోలిక పండితులు చాలకాలము శంకించుటలో వింత లేదు. ఇల్లు కూల్చెదనని చెప్పి వచ్చినవానికి తలుపు తీయువారెవరు?

కాని అదే కాలమున, అదే దేశమున, మరియొక దారియు ఏర్పడెను. ఫ్రెడరిక్ లె ప్లే అను గనుల ఇంజనీరు ఐరోపా ఖండమంతయు తిరుగుచు కార్మికుల ఇండ్లకు పోయి, ఏ కుటుంబమునకు ఆదాయమెంత, రొట్టెకెంత, బట్టకెంత, అద్దెకెంత, అప్పెంత అని విచారించి లెక్కలు వ్రాసెను. 1855లో ఆ గ్రంథము ప్రకటితమయ్యెను. కార్మికుని గుణదోషములను గూర్చి ఉపన్యసించుటకు ముందు అతని ఇంటి జమాఖర్చు చూడవలెనని లె ప్లే నేర్పెను. కతోలిక ఆలోచనాపరులలో పలువురు ఈ పద్ధతిని ఆదరించిరి. ఒక గృహిణి తన గూటిలోని చీటీలపై వ్రాసికొను పాలలెక్కయు, కిరాణా లెక్కయు శాస్త్రమునకు ఆధారములు కాగలవని దీనివలన తెలియుచున్నది.

ఎమిల్ దుర్ఖైమ్ అను మరియొక ఫ్రెంచి పండితుడు 1897లో ఆత్మహత్యలను గూర్చి గ్రంథము వ్రాసెను. అతడు యూదుమత గురువు కుమారుడు. తాను మాత్రము ఏ మతమును నమ్మినవాడు కాడు. ఐరోపా దేశముల లెక్కలను పోల్చి చూడగా, కతోలికులలో ఆత్మహత్యలు ప్రొటెస్టెంటులలోకంటె తక్కువగా కనబడినవి. రెండు శాఖలును ఆత్మహత్యను పాపమనియే బోధించుచున్నవి గదా! బోధలో భేదము లేనప్పుడు భేదమెక్కడిది? మనిషిని చుట్టుకొనియుండు సంఘబంధపు బలములో నున్నదని అతడు చెప్పెను. ఆ లెక్కలను గూర్చి పిదప పండితులు వాదోపవాదములు చేసిరి. అయినను ఒక్క మాట నిలిచినది: మతమనునది గ్రంథములందలి సిద్ధాంతము మాత్రమే కాదు, నలుగురు కలిసి బ్రతుకు తీరు కూడ. ఈ మాట డెల్టాలోని క్రైస్తవ పేటలను అర్థము చేసికొనుటకు మిక్కిలి ఉపకరించును.

ఇక కతోలిక చింతనవైపు చూతము. 1891 మే 15న పదుమూడవ లియో పోపుగారు ‘రేరుమ్ నొవారుమ్’ అను విశ్వలేఖను ప్రకటించిరి. యంత్రశాలలు పెరిగి, కూలివాని శ్రమ సరకువలె అమ్ముడుపోవుచున్న కాలమది. స్వంత ఆస్తి కలిగియుండు హక్కును ఆ లేఖ సమర్థించెను. అంతటితో ఆగక, కూలివానికి తాను మితముగా బ్రతుకుటకు చాలిన కూలి దొరకవలెననియు, కార్మికులు సంఘములు కట్టుకొనవచ్చుననియు చెప్పెను. కూలివాడు ఆకలికి తాళలేక తక్కువ కూలికి ఒప్పుకొన్నంత మాత్రమున ఆ ఒప్పందము న్యాయము కాదను మాట అందు ముఖ్యమైనది. నలువది యేండ్లకు, 1931లో, పదునొకండవ పయస్ పోపుగారి లేఖ వచ్చెను. చిన్న సంఘము చేసికొనగల పనిని పెద్ద సంఘము లాగుకొనరాదని అది బోధించెను. 1961లో ఇరువదిమూడవ జాన్ పోపుగారు వ్రాసిన ‘మాతేర్ ఎత్ మజిస్త్రా’ లేఖ రైతుల కష్టములను విపులముగా చర్చించెను. పల్లెలకు రోడ్లు, నీరు, వైద్యము, చదువు, తగిన వడ్డీకి అప్పు, సహకార సంఘములు కావలెనని అందు కలదు. కాలము మారినను ఈ పరంపర తెగలేదు. 2025 మే 8న ఎన్నికైన పోపుగారు పదునాల్గవ లియో అను పేరు గైకొన్నది 1891 నాటి ఆ లేఖను స్మరించియే.

ఈ లేఖలలో “ఉండవలెను” అను మాట తరచుగా వచ్చును. ఉన్నదేమిటో తెలియవలెనన్న ఎవరిని అడుగవలెను? దీనికి బెల్జియం దేశపు గురువు జోసెఫ్ కార్డైన్ దారి చూపెను. ఆయన 1925లో యువ కార్మికుల సంఘమును స్థాపించి, వారికి మూడు మెట్లు నేర్పెను: చూడుము, విచారింపుము, చేయుము. యువకులు తమ కార్ఖానాలో పనివేళలెన్ని, పిల్లల వయస్సెంత, కూలి యెంత అని మొదట చూడవలెను. చూచినదానిని ధర్మముతో పోల్చి విచారింపవలెను. పిదప చేయదగినది చేయవలెను. 1961 నాటి విశ్వలేఖ ఈ మూడు మెట్లను పేరుపెట్టి స్వీకరించెను. మొదటి మెట్టు సమాజశాస్త్రపు మెట్టు, రెండవది ధర్మచింతనది, మూడవది గ్రామస్థులందరిది. మొదటి మెట్టు విడిచి రెండవదానిపై కాలుపెట్టువాడు తూలిపడును.

ఫ్రాన్సులో గాబ్రియేల్ ల బ్రా అను పండితుడు 1931 మొదలు ఒక క్రొత్త విచారణకు పూనుకొనెను. ఏ ఊరిలో ఎందరు పూజకు వచ్చుచున్నారు, ఎందరు పండుగలకే వచ్చుచున్నారు, ఎందరు పుట్టుకకును పెండ్లికిని చావునకును మాత్రమే చర్చి గడప త్రొక్కుచున్నారు అని లెక్కింపవలెనని ఆయన సంకల్పము. దేవుని పనిని లెక్కించుటేమని కొందరు అలిగిరి. కాని 1943లో గోదాన్, దానియేల్ అను ఇద్దరు గురువులు పారిస్ నగరపు కార్మిక వాడలను పరిశీలించి గ్రంథము ప్రకటించినప్పుడు గురుమండలి ఉలికిపడెను. క్రైస్తవదేశమని పేరొందిన ఫ్రాన్సే తిరిగి సువార్త ప్రకటింపవలసిన దేశమైనదని ఆ గ్రంథము తెలిపెను. ఊహించుకొనుట వేరు, లెక్కించి చూచుట వేరు.

అమెరికాలో కతోలిక సమాజశాస్త్రవేత్తలు 1938లో తమకొక సంఘము నేర్పరచుకొనిరి. “కతోలిక సమాజశాస్త్రము” అని వేరొకటి యున్నదా అను వాదము వారిలో చాలకాలము నడిచెను. కతోలికులకు వేరు గణితము లేదు. వేరు థర్మామీటరు లేదు. లెక్క ఎవరు వేసినను ఒకటే రావలెను. కాని ఏ లెక్క వేయవలెను, ఎవరి బాధను ముందు కొలువవలెను అను ఎంపికలో మనస్సాక్షికి చోటు కలదు. 1970లో ఆ సంఘము కతోలిక నామమును విడిచి, అందరి కొరకైన మత సమాజశాస్త్ర సంఘముగా మారెను.

భారతదేశమున ఈ రెండు విద్యలను కలుపుటకు పూనుకొన్నవారిలో జెసూయిట్ గురువులు ముఖ్యులు. రాజ్యాంగ సభలో సభ్యులైయుండిన జెరోం డిసౌజా గారు 1951లో పూనాలో ఒక సాంఘిక విద్యాసంస్థను స్థాపించిరి. 1963లో అది ఢిల్లీకి తరలి, ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్ అను పేర ప్రసిద్ధమైనది. ఇంచుమించు ఆ కాలముననే, 1953లో, విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాల వెలసెను. 1962లో మారిస్ స్టెల్లా మహిళా కళాశాల ఏర్పడెను. డెల్టా పల్లెలనుండి వచ్చిన ఎన్నో కుటుంబముల బిడ్డలు, మతభేదము లేక, ఈ కళాశాలలలో చదువుకొనిరి.

ఇప్పుడు మట్టము పట్టు పని మన నేలమీదనే చేయవలసియున్నది. ఆంధ్రదేశమున కతోలిక మతము ఒక్కసారిగా, ఒక్క జనములోనికి వచ్చినది కాదు. గుంటూరు సీమలో ఫిరంగిపురము వంటి చోట్ల 18వ శతాబ్దమునుండియే రెడ్డి, కమ్మ కుటుంబములు కొన్ని కతోలికములైనవి. 1855 తరువాత ఇటలీలోని మిలాన్ నగరమునుండి వచ్చిన గురువులు హైదరాబాదు కేంద్రముగా పనిచేసిరి; కృష్ణా మండలము వారి విచారణలోనిదే. 19వ శతాబ్దపు చివరనుండి 20వ శతాబ్దమున మాలపల్లెలును మాదిగపల్లెలును గుంపులు గుంపులుగా క్రైస్తవమును స్వీకరించినవి. 1937లో బెజవాడ మేత్రాసనము, అనగా బిషప్పు ఏలుబడిలోని మండలము, ఏర్పడెను. ఈ విధముగా ఒకే పూజాపీఠము ముందు భూమి గల కులమును, ఆ భూమిలో కూలిచేయు కులమును కలిసికొన్నవి.

మైసూరు పండితుడు ఎం. ఎన్. శ్రీనివాస్ గ్రామములను పరిశీలించి “ప్రబల కులము” అను భావమును ప్రతిపాదించిరి. ఊరిలో సంఖ్యాబలము, భూమి, పలుకుబడి ఏ కులమునకు గలవో ఆ కులము మాటయే ఊరి మాటయగును. డెల్టాలో ఆనకట్ట నీరు భూమికి విలువ పెంచినకొలది భూమి గలవారి బలము పెరిగెను. జ్ఞానస్నానము మనిషి పేరు మార్చెను. చదువునకును ఆసుపత్రికిని దారి తెరచెను. తలయెత్తి నడచు ధైర్యము నిచ్చెను. ఇవి అల్పములు కావు. కాని పల్లె ఊరికి ఏ దిక్కున ఉండెనో ఆ దిక్కుననే ఉండెను. మారిన పేరుతో మారని చోట బ్రతుకుట డెల్టా క్రైస్తవుని చరిత్రలోని కష్టమైన అధ్యాయము.

గుణదల కొండను చూచినవారికి ఈ మాటలోని రెండు ప్రక్కలును తెలియును. 1924లో ఇటలీ గురువు ఆర్లాతి గారు ఆ కొండమీద మరియమాత స్వరూపమును నెలకొల్పిరి. ఏటేటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు తిరునాళ్లకు లక్షలాది జనము వచ్చుచున్నారు. వారిలో హిందువులు అనేకులు. తలనీలాలిచ్చువారును, కొబ్బరికాయలు కొట్టువారును కలరు. ఆ మూడు దినములు మెట్లమీద ఎవరి కులము ఎవరును అడుగరు. నలుగురు కలిసినప్పుడు పుట్టు శక్తిని గూర్చి దుర్ఖైమ్ చెప్పినది అక్కడ ప్రత్యక్షమగును. కాని నాలుగవ దినమున బస్సులు దిగి ఎవరి ఊరికి వారు చేరినప్పుడు ఎవరి వీధికి వారు పోవుదురు. కొండమీది సమానత్వము అబద్ధము కాదు. వీధిలోని భేదమును అబద్ధము కాదు. రెండింటిని చూచిన కన్నే సరియైన కన్ను.

ఈ చూపు లేకపోవుటవలన ఎంత చిక్కు కలుగునో చెప్పుటకు ఒక్క ఉదాహరణ చాలును. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందూమతముకంటె వేరు మతము నవలంబించినవారు షెడ్యూల్డు కులములవారు కారు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ నియమము సడలింపబడెను, క్రైస్తవులకు సడలింపబడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున చేర్చి నూటికి ఒకటి చొప్పున స్థానము లిచ్చిరి. క్రైస్తవములో కులము లేదు గనుక క్రైస్తవునికి కులబాధ లేదని ఉత్తర్వును సమర్థించువారి వాదము. ఇది సిద్ధాంతమును చూచి చెప్పిన మాట. వీధిని చూచి చెప్పినది కాదు.

దీని ఫలితము పల్లెలో అందరు ఎరిగినదే. ఉద్యోగపు దరఖాస్తు ముందు కూర్చున్న యువకుడు చేత కలము పట్టుకొని తడబడును. చర్చి పుస్తకములో ఒక పేరు, తహశీలుదారు కార్యాలయపు పత్రములో మరియొక పేరు. నిజము వ్రాసినచో బ్రతుకుతెరువు పోవునేమో. వ్రాయకున్నచో మనస్సు మండును. తల్లి “పత్రములో ఏమి వ్రాసితివి నాయనా?” అని అడిగినప్పుడు అతడు తల వంచుకొనును. ఆ తలవంపునకు ఎవరు బాధ్యులు? చట్టము మాత్రమేనా?

ఇచ్చటనే కతోలిక సంఘమునకు కఠినమైన పరీక్ష ఎదురయ్యెను. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హక్కులు కావలెనని ప్రభుత్వము నడుగవలెనన్నచో, మతము మారినను కులబాధ పోలేదని ముందుగా ఒప్పుకొనవలెను. ఆ బాధ ఊరిలోనే గాక చర్చిలోనుకూడ ఉన్నదని ఒప్పుకొనవలెను. తమిళ సీమలో వేరు వేరు శ్మశానములున్న విచారణలు కలవు. 2003 నవంబరులో రెండవ జాన్ పాల్ పోపుగారు తమిళనాడు బిషప్పులతో మాటలాడుచు, కులభేదము క్రైస్తవ సహోదరత్వమునకు విరుద్ధమని ఖండించిరి. 2016 డిసెంబరులో భారతదేశపు కతోలిక బిషప్పుల సమాఖ్య దళితుల అభ్యున్నతికి ఒక విధానపత్రమును ప్రకటించి, సంఘములో భేదము పాతుకొనియున్నదని అంగీకరించెను. పరిశోధకులు ఏండ్ల తరబడి చెప్పినది అప్పటికి అధికార పత్రమునకెక్కెను. అప్రియమైనను సత్యము చెప్పు శాస్త్రము ధర్మమునకు శత్రువు కాదు; అద్దము ముఖమునకు శత్రువు కానట్లే.

ఆ మధ్యకాలమున మార్పు రాలేదని చెప్పుట అన్యాయము. దళిత కుటుంబమున పుట్టిన మారంపూడి జోజి గారు 1996లో విజయవాడ బిషప్పైరి. 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతులైరి. దళితులలో ఆ పదవి నందిన మొదటివారు ఆయనయే. అదే పీఠమునకు వచ్చిన పూల ఆంతోని గారు 2022 ఆగస్టు 27న కార్డినలైరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ స్థానము నందినవారిలో ఆయన ప్రథములు. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో ఈ సమస్య విచారణకు కమిషను నియమించెను. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులకు హక్కు లీయవలెనని తీర్మానించెను. పైమెట్టు మీద ఒకరు నిలిచినంత మాత్రమున క్రిందిమెట్టు చదునుగాదు. కాని మెట్లు ఎక్కదగినవేయని పిల్లలకు తెలియును.

కులమువలెనే కూలియు, కౌలును విచారింపదగినవి. 1891 నాటి లేఖ న్యాయమైన కూలి అనెను. డెల్టాలో నేడు పొలము పేరు ఒకరిది, నాగలి మరియొకరిది. కౌలుదారుడు పెట్టుబడి పెట్టును. వాన వచ్చినను, వరద వచ్చినను నష్టము మోయును. కాగితము లేనందున బ్యాంకులో అప్పు పుట్టదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము పదునొకండు నెలల పత్రము నిచ్చును గాని, దానికి భూస్వామి అంగీకారము కావలెను. ఆ అంగీకారము ఎందరికి దొరకినది? ఆడకూలికి మగకూలికి నడుమ తేడా యెంత? నాట్లు యంత్రముతో వేయుటవలన ఎన్ని దినముల పని పోయినది? విశ్వలేఖలు ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవు. వీనిని ఊరివారే ఇంటింటికి పోయి విచారింపవలెను. లె ప్లే 1855లో చేసినది ఏ గ్రామములోనైనను నలుగురు చదువుకొన్న యువతీయువకులు ఒక్క వేసవిలో చేయగలరు.

అయితే సమాజశాస్త్రమునకును హద్దులు కలవు. దేవుడున్నాడనిగాని లేడనిగాని అది తేల్చజాలదు. గుణదల మెట్లెక్కు తల్లి ఎందుకు కన్నీరు పెట్టుకొన్నదో పట్టికలో చూపజాలదు. కూలి ఇంత తక్కువ అని చెప్పగలదు గాని, అంత తక్కువ ఇచ్చుట అన్యాయమని చెప్పుటకు దానికి వేరొకరి నోరు కావలెను. ఆ నోరు కతోలికునకు విశ్వాసము, మరియొకరికి రాజ్యాంగము, ఇంకొకరికి వారి పెద్దలు నేర్పిన ధర్మము. అట్లే ధర్మచింతనయు లెక్కను కాదనరాదు. లెక్క తమకు నచ్చనప్పుడు దానిని దైవద్రోహమనుట ధర్మము కాదు, భయము.

తుదకు గ్రంథాలయపు మాట. 1914లో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము బెజవాడలోనే పుట్టెను. చిన్న సంఘము చేసికొనగల పనిని పెద్దది లాగుకొనరాదని 1931 నాటి లేఖ చెప్పిన సూత్రమునకు గ్రామ గ్రంథాలయముకంటె మంచి ఉదాహరణ లేదు. చందాలు వేసికొని, బీరువా చేయించుకొని, పత్రికలు తెప్పించుకొని ఇరువదియైదేండ్లు నిలుపుకొన్నది ఊరివారే. ఇచ్చటి బల్లచుట్టు ఊరివాడును పల్లెవాడును ఒకే పత్రికను రెండు పుటలుగా పంచుకొని చదువుచున్నచో, అది గుణదల మెట్లమీది సమానత్వము దినదినము ఊరికి దిగివచ్చుటయే. అట్లు లేనిచో, ఎందుకు లేదో మొదట చూడవలసినదియు ఇచ్చటనే. చందాదారుల పుస్తకము తెరచి, ఏ వీధినుండి ఎందరు పుస్తకములు తీసికొనుచున్నారో, ఏ వీధినుండి ఒక్కరును లేరో లెక్కించిన చాలును. ఈ రజతోత్సవమునకు అదియే తగిన మొదటి మట్టము. మట్టము తెలిసిన పిదప పార ఎక్కడ వేయవలెనో డెల్టావారికి ఎవరును నేర్పనక్కరలేదు.